దాత కణజాలాల స్టెరిలైజేషన్

మరణించిన దాత శరీరం నుండి సేకరించిన స్నాయుబంధనాలు, ఎముకలు మొదలైన వాటిని మరొకరికి అమర్చే ముందు సూక్ష్మజీవరహితం చేసే ప్రక్రియను దాత కణజాలాల స్టెరిలైజేషన్ అంటారు. ఇటువంటి కణజాలాన్ని అల్లోగ్రాఫ్ట్ అని పిలుస్తారు. మోకాలిలోని సంధిబంధనం, అనగా లిగమెంట్, తెగినప్పుడు దాని స్థానంలో దాత స్నాయుబంధనాన్ని అమర్చడం ఒక చికిత్సా విధానం. రోగి శరీరం నుండే తీసిన ఆటోగ్రాఫ్ట్‌కు ఈ ప్రక్రియ అవసరం లేదు.

అవసరం

2001 నవంబరులో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో 23 ఏళ్ల యువకుడు మోకాలి శస్త్రచికిత్స జరిగిన కొద్ది రోజులకే మరణించాడు. అతనికి అమర్చిన దాత ఎముక, మృదులాస్థి ముక్క ద్వారా క్లాస్ట్రిడియం సోర్డెల్లి అనే బాక్టీరియా సోకినట్లు తేలింది. ఆ దేశపు వ్యాధి నియంత్రణ సంస్థ 2002 మార్చిలో అల్లోగ్రాఫ్ట్‌ల వలన బాక్టీరియా సోకిన 26 కేసులను వెల్లడించింది. వాటిలో 13 క్లాస్ట్రిడియం జాతికి చెందినవి. ఈ బాక్టీరియా ఏర్పరచే సిద్ధబీజాలు యాంటీబయాటిక్ ద్రావణాలకు నశించవు.

పద్ధతులు

శస్త్రచికిత్స పరికరాలను శుద్ధి చేసే ఆవిరి వేడి స్నాయుబంధనాలకు పనికిరాదు. అది వాటికి బలాన్నిచ్చే కొల్లాజెన్ అనే మాంసకృత్తును చెడగొడుతుంది. ఇథిలీన్ ఆక్సైడ్ వాయువు వాడినప్పుడు దాని అవశేషాల వలన కీలులో వాపు ఏర్పడినట్లు గమనించారు. కోబాల్ట్-60 నుండి వెలువడే గామా కిరణాలు మూసిన పొట్లం లోపలికి కూడా చొచ్చుకొనిపోయి, సూక్ష్మజీవుల డీఎన్ఏను ఛేదిస్తాయి. వైద్య సామగ్రికి సాధారణంగా 25 కిలోగ్రేల మోతాదు వాడుతారు.

పరిమితులు

మోతాదు పెరిగేకొద్దీ కొల్లాజెన్ కూడా దెబ్బతిని స్నాయుబంధనం బలహీనపడుతుంది. ఈ నష్టాన్ని తగ్గించడానికి కణజాలాన్ని ఘనీభవించిన స్థితిలో ఉంచి కిరణాలకు గురిచేస్తారు. హెచ్.ఐ.వి. వంటి వైరస్‌లు చాలా బాక్టీరియాల కంటే కిరణాలను ఎక్కువగా తట్టుకుంటాయి. అందువలన దాత ఆరోగ్య చరిత్ర, రక్తపరీక్షలు, శుభ్రమైన సేకరణ తప్పనిసరి. స్టెరిలైజేషన్ వీటికి ప్రత్యామ్నాయం కాదు.

భారతదేశంలో

ట్రాంబేలోని ఐసోమెడ్ గామా కేంద్రం 1974లో ప్రారంభమైనది. ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రిలో 1988లో కణజాల బ్యాంకు ఏర్పడి, గామా కిరణాలతో శుద్ధి చేసిన ఎముకలు, ఉల్బపు పొరలు అందించసాగింది. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం పరిధిలోకి 2011 సవరణ ద్వారా కణజాలాలు కూడా చేరాయి.

వైద్య పరికరాలకు కూడా ఇదే గామా పద్ధతిని వాడుతారు. విశాఖపట్నం ఉక్కు కర్మాగారం సమీపంలో ఉన్న ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్‌లోని ఉమ్మడి సౌకర్యాలలో గామా కిరణీకరణ ఒకటి.