మీకు తెలుసా? ఖరీదైన బ్రేక్ ప్యాడ్లు వేసినంత మాత్రాన కారు త్వరగా ఆగదు

బ్రేక్ గట్టిగా తొక్కగానే, చక్రాలు లాక్ కాకుండా చూసే ఏబీఎస్ అందుకుంటోందంటే, కంపెనీ ప్యాడ్లకే చక్రాలను లాక్ చేసేంత బలం ఉందన్నమాట. ఆపైన కారు ఎంత దూరంలో ఆగాలో తేల్చేది రోడ్డు మీద టైరుకున్న పట్టే. మరి పర్ఫార్మెన్స్ ప్యాడ్లు ఎందుకంటారా? వేడిని తట్టుకోవడానికి. వేగం రెట్టింపైతే బ్రేకులు వేడిగా మార్చాల్సిన శక్తి నాలుగింతలవుతుంది. ట్రాక్ మీద, పొడవాటి ఘాట్ దిగుడులో మళ్లీ మళ్లీ తొక్కితే మామూలు ప్యాడ్ల పట్టు సడలుతుంది. అక్కడ పర్ఫార్మెన్స్ ప్యాడ్లు నిజంగా అక్కరకొస్తాయి. అలాగని పూర్తి రేసింగ్ రకం వేయిస్తే, చల్లగా ఉన్నప్పుడు అది సరిగా పట్టదు. వీధిలో పిల్లవాడు అడ్డొచ్చిన క్షణాన ఆ లోపం ప్రాణాంతకం. రోజూ తిరిగే కారుకు రోడ్డు వాడకానికి చేసినవే వేయించాలి. బ్రేక్ ఆయిల్ పాతదై తేమ పీల్చుకుని ఉంటే, ముందు దాన్ని మార్పించాలి. వేడికి అది మరిగి పెడల్ మెత్తబడితే ఏ ప్యాడూ కాపాడలేదు.