గ్రామసభకు జనం వస్తేనే ఊరి ప్రణాళిక

గీసుకొండ (వరంగల్ జిల్లా): ఊరికి ఏ పని ముందు కావాలో తేల్చవలసినది ఊరివారే. ఆ హక్కును చట్టం సర్పంచికో, కార్యదర్శికో కాక గ్రామసభకు ఇచ్చింది. అయినా అనేక గ్రామాల్లో సభ పంచాయతీ కార్యాలయ వరండాలో నలుగురైదుగురితో ముగుస్తుంది. ఆ తర్వాత తీర్మాన పుస్తకమే ఇంటింటికీ తిరిగి సంతకాలు, వేలిముద్రలు కూడగట్టుకుంటుంది.

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఓటరు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకొకసారి సభ జరపాలని, ఓటర్ల సంఖ్యను బట్టి కనీస హాజరు ఉండాలని నిర్దేశించింది. పారిశుధ్యం, వీధిదీపాలు, మొక్కల పెంపకం, పనులు-సంతలకు వేర్వేరు స్థాయీ సంఘాలను కూడా ఏర్పరచింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఆగస్టు 23న ఒకే రోజు 13,326 పంచాయతీల్లో గ్రామసభలు నిర్వహించారు. ఒక్కరోజు సందడి ఏడాది పొడవునా నిలవడమే అసలు కష్టం.

సభకు వెళ్లనివారు కోల్పోయేదేమిటి? 2015 నుంచి ప్రతి పంచాయతీ ఏటా అభివృద్ధి ప్రణాళిక రూపొందించుకోవలసి వచ్చింది. 2021-26 కాలానికి పదిహేనవ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యాలకే కేటాయించారు. మిగిలిన 40 శాతం స్థానిక అవసరాలకు వదిలారు. ఎస్సీ కాలనీకి మురుగు కాలువా, ప్రధాన వీధికి మరోసారి సిమెంటు రోడ్డా అన్న ప్రశ్న వచ్చేది ఇక్కడే. కాలనీవాసులు సభలో లేకుంటే ఏది నెగ్గుతుందో చెప్పనక్కరలేదు.

మాటలకన్నా నేలపై వేసిన పటం ఎక్కువ పనిచేస్తుంది. రచ్చబండ వద్ద ముగ్గుపిండితో వీధులు, రంగుపొడులతో బోర్లు, చెరువు, బడి గీస్తారు. నీళ్లు రాని ఇళ్లను చింతగింజలతో గుర్తిస్తారు. చదువు రాని వృద్ధురాలు సైతం తన ఇంటిని వేలితో చూపగలదు. గింజలన్నీ ఒకే మూలన పోగుపడినప్పుడు వాదనకు తావు తగ్గిపోతుంది.

ఇదే మండలంలోని గంగదేవిపల్లి ఈ బాటలో ముందు నడిచింది. ఒకప్పుడు మచ్చాపూర్ పంచాయతీకి శివారు పల్లె. ఫ్లోరైడ్ నీటితో బాధపడిన ఈ ఊరు బాలవికాస సంస్థ తోడ్పాటుతో, గ్రామస్థుల వాటాధనంతో నీటిశుద్ధి కేంద్రం నెలకొల్పుకొంది. తాగునీటికి, చదువుకు, చివరకు కేబుల్ టీవీకి కూడా ఒక్కో కమిటీ వేసుకొన్నారు. బాధ్యత పంచుకున్నందునే ఇంటిపన్ను వసూలు, మద్యనిషేధం కాగితాలకే పరిమితం కాలేదు. 2007లో నిర్మల్ గ్రామ పురస్కారం దక్కింది. చూసి వెళ్లిన గ్రామాలు కమిటీల పేర్లను సులువుగానే అనుకరించాయి. కూర్చుని మాట్లాడుకొనే అలవాటు మాత్రం అంత త్వరగా అబ్బలేదు.

సభ వేళ కూడా ముఖ్యమే. నాట్లు, పత్తితీతల రోజుల్లో పగలు పదకొండు గంటలకు సభ పెడితే కూలీలు రారు, రాలేరు. పొద్దుగూకాక జరిపితే మహిళలు వంటపనిలో ఉంటారు. అందుకే ముందుగా వాడవాడలా, మహిళా సంఘాల సమావేశాల్లో అవసరాలు రాసుకొని సభకు తేవడం మేలు. ఏ పనైనా నిరాకరిస్తే కారణాన్ని తీర్మానంలో రాయించాలి. కొత్త పనుల జాబితాకు ముందు, గత సభలో ఆమోదించిన పనులు ఎంతవరకు వచ్చాయో, ఎంత ఖర్చయిందో కార్యదర్శి చేత చదివించాలని ఏ ఓటరైనా కోరవచ్చు.