గాలికి గోడ కాదు, దడి కావాలి

మా చిన్నాయనగారి చేను సముద్రానికి అరమైలు దూరంలో ఉన్నది. ఒట్టి ఇసుక నేల. వేరుశనగ తప్ప మరొకటి సరిగా పండదు. సముద్రం వైపున, చేను పొడవునా, మా తాతగారు నాటిన సరుగుడు చెట్లు నాలుగు వరుసలు ఉండేవి. చిన్నతనంలో వాటి కింద నిలబడితే సముద్రపు హోరు ఏదో, చెట్ల హోరు ఏదో తెలిసేది కాదు.

నేను కాలేజీలో చేరిన ఏడు కలప వ్యాపారి ఒకాయన వచ్చి, చెట్లన్నీ ఒక్కసారిగా ఇస్తే మంచి ధర కడతానన్నాడు. ఇంట్లో ఆడపిల్ల పెండ్లి ఉన్నది. చిన్నాయనగారు సరే అన్నారు. పది రోజుల్లో అక్కడ మోళ్ళు మిగిలాయి.

తరువాతి పంటకు విత్తనం వేశారు. మొలక పైకి వచ్చే వేళకు గాలి లేచింది. ఒకనాటి ఉదయం వెళ్ళి చూస్తే ఇసుక చేలోకి వచ్చి కూర్చున్నది. మొలక జాడ లేదు. ఆ ఏడు రెండుసార్లు విత్తవలసి వచ్చింది. "చెట్లు అమ్మాననుకున్నానురా, చేనే అమ్ముకున్నాను" అన్నారాయన.

ఇంతకూ ఆ నాలుగు వరుసలూ చేస్తున్న పని ఏమిటి?

పల్లెలో పెరిగినవారికి గోడకూ దడికీ ఉన్న తేడా చెప్పనక్కరలేదు. గోడకు కొట్టుకున్న గాలి పైకెక్కి, అవతలి పక్కన సుళ్ళు తిరుగుతూ దిగుతుంది. తాటాకు దడి సందుల్లోనుంచి కొంత గాలిని పోనిచ్చి, దాని పొగరు మాత్రం అణుస్తుంది. చెట్ల వరుస దడివలె ఉండాలి. దాదాపు సగం గాలిని పోనిచ్చే వరుస మేలని శాస్త్రజ్ఞులు తేల్చారు. అటువంటి వరుస తన ఎత్తుకు పదిరెట్ల దూరం వరకు గాలి వేగాన్ని బాగా తగ్గిస్తుంది. ముప్పై అడుగుల చెట్టు మూడు వందల అడుగుల చేనుకు చాటవుతుందన్నమాట. గాలి తగ్గితే నేల తడి త్వరగా ఆరదు, పైమట్టి ఎగిరిపోదు, పూత రాలదు. పొన్నూరు ప్రాంతపు తమలపాకు తోటల రైతులు ఈ లెక్కలు చదవకుండానే అవిసె పెంచారు. తీగకు ఊతా అదే, నీడా అదే, గాలికి చాటూ అదే.

సరుగుడు పుట్టుకకు మన చెట్టు కాదు. 19వ శతాబ్దంలో మద్రాసు తీరాన రైలింజన్ల వంటచెరకు కోసం తోటలుగా పెంచారు. మనం ఆకులనుకునేవి నిజానికి సన్నని రెమ్మలు. వేళ్ళ బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి గనుక ఒట్టి ఇసుకలోనూ బ్రతుకుతుంది. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచి వేలాది ప్రాణాలు తీసిన తరువాత, మన తీరాన సరుగుడు పట్టీలు నాటే పని ఊపందుకున్నది. అంతటి ఉప్పెనను చెట్లు ఆపుతాయని అనుకోరాదు. నీటి ఊపును కొంత విరుస్తాయి. ఇసుకను, ఉప్పు తుంపరను అడ్డుకుంటాయి.

మా చిన్నాయనగారి పొరపాటు ఆయన ఒక్కరిదే కాదు. 1930 దశకంలో అమెరికా మైదానాలలో కరువు వచ్చి, దున్నిన నేల దుమ్మై లేచిపోయింది. రూజ్‌వెల్ట్ ప్రభుత్వం 1934లో పూనుకొని, 1942 నాటికి ఉత్తర డకోటా నుండి టెక్సాస్ వరకు సుమారు 22 కోట్ల చెట్లు నాటించింది. దుమ్ము మరుపునకు వచ్చి, పెద్ద యంత్రాలు పొలంలోకి దిగిన తరువాత, అడ్డమని చాలాచోట్ల రైతులే వాటిని తీసివేశారు!

"చెట్టు పక్కన పంట రాదు కదా" అని మన రైతు అడుగుతాడు. నిజమే. నీడ వల్లా, వేళ్ళ వల్లా పక్కనున్న నాలుగు సాళ్ళు దెబ్బతింటాయి. చేను వైపు మొలలోతు కందకం తవ్వితే వేళ్ళు ఇటు రావు. వరుస ఉత్తర దక్షిణాలుగా ఉంటే నీడ ఒకేచోట రోజంతా నిలవదు. అయితే గాలి వచ్చే దిక్కుకు అడ్డంగా ఉండటం అంతకన్న ముఖ్యం. ఒక వరుసలోని ఖాళీకి ఎదురుగా రెండవ వరుసలో మొక్క రావాలి. బయటి వరుసలో వావిలి, గోరింట వంటి పొదలుంటే కింది గాలికి అడ్డు. బండిదారిని సూటిగా వదలరాదు, వంకరగా వదలాలి. లేకుంటే గాలంతా ఆ సందున దూరుతుంది.

అన్నిటికన్న ముఖ్యం కోత. సరుగుడు నాలుగైదేళ్ళకే చేతికి వస్తుంది; కాగితపు మిల్లులవారు కొంటారు. ఆ డబ్బు రైతుకు అక్కర లేదనలేము. కొట్టదలిస్తే ఒక వరుసే కొట్టి, అక్కడ మళ్ళీ నాటి, అది తలెత్తిన తరువాతనే రెండవ వరుస జోలికి పోవాలి.

మన పెద్దలు సప్తసంతానాలలో వనాన్ని ఒకటిగా లెక్కించారు. ఎమ్మే చదివే రోజుల్లో అది కావ్యమర్యాద అనుకొని పరీక్షలో రాసి వచ్చాను. అర్థం మా చేలో తెలిసింది.

చిన్నాయనగారు మళ్ళీ నాలుగు వరుసలు నాటి, కొడుకుకు అప్పగించి వెళ్ళిపోయారు. నిరుడు మా తమ్ముడు ఒక వరుస కొట్టించి పిల్ల కాలేజీ ఫీజు కట్టాడు. మూడు నిలిచి ఉన్నాయి. కొట్టినచోట తొలకరికి మొక్కలు పెట్టాడు. మొన్న వెళ్ళి చూశాను, మోకాలెత్తున ఉన్నాయి.