చెఱకు పిప్పి – దానియందలి సొత్తు

చెఱకు పండించు రైతు రసమునకు వెల కట్టును గాని పిప్పికి వెల కట్టడు. అనకాపల్లి సీమలో బెల్లము వండువారి పిప్పి పెనము క్రింది పొయ్యికి పోవును. చక్కెర మిల్లులో బాయిలరునకు పోవును. ఇది యుక్తమైన వినియోగమే. కాని పొయ్యికి చాలగా మిగిలిన పిప్పియు, చేలలో కాల్చివేయబడు చెఱకు ఆకును, వరిగడ్డియు ఎవరికి, ఏ వెలకు పోవలెనో మన సంఘములు ముందుగా యోచింపవలసియున్నది. మన పరవాడలోనే ఔషధ నగరము వెలసియున్నది. మందుల తయారీకి ఆల్కహాలు, ఇథైల్ ఎసిటేటు మొదలగు ద్రావకములు కావలెను. ఇట్టివానిని మొక్కలనుండియు తీయవచ్చును.

పిప్పిలో నేమున్నది?

మిల్లులో 1 టన్ను చెఱకు ఆడినచో సుమారు 300 కిలోల తడి పిప్పి వచ్చును. అందు సగము నీరు. మిగిలిన 150 కిలోల పొడి పదార్థములో ఇంచుమించు 60 కిలోలు సెల్యులోజు, 40 కిలోలు హెమిసెల్యులోజు, 30 కిలోలు లిగ్నిను ఉండును. మొదటి రెండును చక్కెరల గొలుసులే. అయినను మన నాలుకకు తీపి తెలియదు. లిగ్నిను ఇటుకల నడుమ సున్నమువలె వానిని బిగించి పట్టియుండును.

విడదీయు విధము

ముందుగా పిప్పిని ఆవిరితోను, కొలది ఆమ్లముతోను ఉడికించి ఆ బిగువును సడలింతురు. పిమ్మట ఎంజైములను కలుపుదురు. ఎంజైములనగా జీవులు తమయందు పుట్టించుకొను పదార్థములు. అన్నమును చాలసేపు నమిలినచో తియ్యబడుట లాలాజలములోని ఎంజైము పనియే. సెల్యులోజును కోయు ఎంజైములు బూజునుండి లభించును. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున సాలమన్ దీవులలో అమెరికా సేనల నూలు గుడారములను ఒక బూజు తినివేసెను. ఎల్విన్ రీస్ అను శాస్త్రజ్ఞుడు దాని వర్గమును పరిశోధించెను. ఆయన పేరిటనే దానికి ట్రైకోడర్మా రీసై అను పేరు వచ్చినది. పశువుల ఎరువుతో కలిపి మనము పొలమునకు వేయు ట్రైకోడర్మా దాని బంధువే.

ఇట్లు వచ్చిన చక్కెరను ఈస్టుతో పులియబెట్టినచో ఆల్కహాలగును. అటుపై ఉత్ప్రేరకముల పని. ఉత్ప్రేరకము తాను ఖర్చుగాక మార్పును త్వరపెట్టునది. ఉత్తరాఖండములోని కాశీపురమున ఇండియా గ్లైకాల్స్ వారు 1989 నుండి మొలాసిస్ ఆల్కహాలుతో గ్లైకాలు చేయుచున్నారు. పాలియెస్టరు నూలునకు అది ముడిసరుకు. ఆ మార్గమున వెండి ఉత్ప్రేరకముగా పనిచేయును.

హెమిసెల్యులోజును ఆమ్లముతో కాచినచో ఫర్ఫ్యూరాలు అను నూనె వచ్చును. కందెన నూనెలను శుద్ధి చేయుటకును, పోత పనులలో ఇసుక అచ్చులకు జిగురు చేయుటకును ఇది అక్కరకు వచ్చును. 1922లో అమెరికాలోని సీడర్ రాపిడ్స్ పట్టణమున క్వేకర్ ఓట్స్ వారు తమయొద్ద గుట్టలుపడిన ఓట్ల పొట్టునుండి దీనిని తీయ మొదలిడిరి. నేటికిని ఇది పెట్రోలియమునుండి గాక పిప్పి, మొక్కజొన్న బెండ్లవంటి వానినుండియే లభించుచున్నది. ఇచ్చట గమనింపవలసినది, పొట్టు ఎవరిదో లాభమును వారిదే యైనది.

మన దేశమున

హర్యానాలోని పానిపట్టున 2022 ఆగస్టు 10వ తేదీన ఇండియన్ ఆయిల్ వారి కర్మాగారము జాతికి అంకితమైనది. ఏటా 2 లక్షల టన్నుల వరిగడ్డినుండి సుమారు 3 కోట్ల లీటర్ల ఇథనాలు తీయుట దాని సంకల్పము; అనగా టన్నుకు 150 లీటర్లు. వ్యయము 900 కోట్ల రూపాయలకు పైమాట. అస్సాములోని నుమాలిగఢములో వెదురునుండి ఇథనాలు, ఫర్ఫ్యూరాలు, ఎసిటిక్ ఆమ్లము తీయు కర్మాగారము 2025 సెప్టెంబరులో ప్రారంభమైనది.

ఇట్టివి గ్రామ సంఘములు నిర్మింపగల పనులు గావు. ఎంజైముల వెలయు హెచ్చు. గడ్డితో వచ్చు మన్నును ఇసుకయు యంత్రములను అరుగదీయును. మఱియు మొక్కనుండి పుట్టినదంతయు నిరపాయకరమని తలపరాదు. ఫర్ఫ్యూరాలు విషము, మండునది. ఆమ్లపు మురుగును శుద్ధిచేయక వదలినచో చెఱువు చెడును. పరవాడవారికి ఈ మాట వేఱుగా చెప్పనక్కరలేదు.

సభ్యుల కర్తవ్యము

మొదటిది, నేల వాటా నేలకే. చెఱకు ఆకును కాల్పక కార్శి తోటలో పఱచినచో తేమ నిలుచును, కలుపు తగ్గును, చివికి ఎరువగును. ఈ భాగమును అమ్మరాదు.

రెండవది, పొయ్యి లెక్క. పిప్పి నమ్మి వంటచెఱకు కొన్నచో నష్టమెంతయో ముందు లెక్కింపుడు. మిగులు పిప్పినే అమ్మవలెను.

మూడవది, సరకు శుద్ధి. మన్ను అంటకుండ ఎత్తి, ఎండబెట్టి, కట్టలు కట్టి, వాన తగులకుండ నిలువచేయవలెను. బేరము పొడి బరువుపై జరుగవలెను. తడి నమ్మినచో తగవు తప్పదు.

నాలుగవది, ఒంటరి బేరము వలదు. పిప్పి తేలిక, రవాణా వ్యయము బరువు. ఒక్కొక్కరు అమ్మినచో దళారి చెప్పినదే వెల. సంఘము తూచి, వ్రాసి, ఒక్క ఒప్పందమున అమ్మవలెను. ఆ ఒప్పందమున ధరయేగాక మురుగు నీటి షరతును ఉండవలెను.

మన జిల్లాలోని ఏటికొప్పాకలో రైతులు 1933లోనే సహకార పద్ధతిని చక్కెర పరిశ్రమ స్థాపించిరి. ఇటీవలి సంవత్సరములలో మన సహకార మిల్లులు కొన్ని గానుగ నిలిపినవి. చక్కెర యొక్కదానినే నమ్మిన మిల్లు ధర పడినపుడు తట్టుకొనజాలదు. కావున రాబోవు సర్వసభ్య సమావేశమునకు ముందే ప్రతి సభ్యుడును తన చేని పిప్పి, ఆకు, గడ్డి ఎంతయో, అందు తనకు వలసినదెంతయో, మిగులునదెంతయో వ్రాసి సంఘమునకు ఈయవలెను. కొనువాడు వచ్చునాటికి మన లెక్క మనచేత నున్నచో, వెలయు మన మాటపై నిలుచును.