డాలస్‌కు ఎన్ని గంటలు?

హైదరాబాద్ పక్కనున్న కిష్టారెడ్డిపేట నుంచి డాలస్ ఎంత దూరమని ఫోన్‌లో చూస్తే 14,400 కిలోమీటర్లకు అటూ ఇటూగా చూపిస్తుంది. విమానం గంటకు 900 కిలోమీటర్లు పోతుంది కదా, పదహారు గంటల్లో దిగిపోతారని లెక్క తేల్చేస్తాం. పిల్లల దగ్గరికి తొలిసారి వెళ్లే పెద్దవాళ్లకూ ఇదే చెప్పి పంపిస్తాం. ఆ లెక్కే వాళ్లను ఇబ్బంది పెడుతుంది. ఇంత దూరపు ప్రయాణానికి ఎంతసేపు పడుతుందో కిలోమీటర్లను బట్టి తెలియదు. ఏ దారిన పోతున్నాం, గాలి ఎదురా వెనకా, మధ్యలో ఎక్కడ దిగి ఎంతసేపు కూర్చోవాలి అన్నవే తేలుస్తాయి.

పిల్లల గ్లోబు మీద హైదరాబాద్ దగ్గర దారం కొస పెట్టి, రెండో కొసను డాలస్ దాకా బిగించి లాగండి. గోడ మీది పటం చూసి అట్లాంటిక్ మీదుగా అడ్డంగా పోతుందనుకుంటాం. దారం మాత్రం తిన్నగా పైకెక్కి, ఉత్తర ధ్రువాన్ని దాదాపు రాసుకుంటూ అవతలికి దిగుతుంది. ఫోన్ చెప్పే దూరం ఈ దారం పొడవే. కానీ శంషాబాద్ నుంచి డాలస్‌కు నేరుగా విమానం లేదు. దుబాయ్‌లో మారితే అక్కడికి సుమారు 2,550, అక్కడి నుంచి డాలస్‌కు 12,900 కిలోమీటర్లు. చుట్టు తిరిగినా పెరిగింది వెయ్యి కిలోమీటర్లే. అయినా గాల్లోనే నాలుగూ పదహారూ ఇరవై గంటలు, దుబాయ్‌లో నాలుగు గంటలు కూర్చున్నా ఇరవై నాలుగు. ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా ఎయిర్‌పోర్టుకు గంట, మూడు గంటల ముందే చేరడం, డాలస్‌లో ఇమిగ్రేషన్ వరుస కలిపితే ఇంటి గడప నుంచి గడపకు ముప్ఫై గంటలకు దగ్గర పడుతుంది.

గాలి సంగతి ఇంకా ముఖ్యం. పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్‌లు చలికాలంలో గంటకు 200 కిలోమీటర్లు దాటడం మామూలే. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా తన ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ దారి మాన్పించి, గాలి వెనక ఉండేలా పసిఫిక్ మీదుగా తూర్పుకు పంపింది. దూరం సుమారు 1,400 కిలోమీటర్లు పెరిగి 15,300 అయింది, ప్రయాణం మాత్రం దాదాపు రెండు గంటలు తగ్గింది. కిలోమీటర్ల లెక్కను ఇంతకన్నా గట్టిగా కొట్టేసే ఉదాహరణ నాకు కనిపించలేదు. భూమి తూర్పుకు తిరుగుతోంది కాబట్టి పడమటికి పోయేవాళ్లకు ఊరే ఎదురొస్తుంది, వాళ్లే ముందు చేరాలి కదా అని కొందరంటారు. భూమితో పాటు గాలీ తిరుగుతోంది, ఆ గాలిలోనే విమానమూ ఉంది. పరుగెత్తే రైలుపెట్టెలో ముందుకు నడిచినా వెనక్కి నడిచినా శ్రమ ఒకటే. తేడా తెచ్చేది భూభ్రమణం కాదు, భూమిని మించి తూర్పుకు పరుగెత్తే ఆ పైగాలి.

టికెట్ మీద సమయాలు ఉంటాయిగా, ఇదంతా ఎందుకనవచ్చు. టికెట్ మీద ఉండేవి రెండు ఊళ్ల స్థానిక సమయాలు. వేసవిలో డాలస్ మనకన్నా పదిన్నర గంటలు వెనక. ఉదయం 10 గంటలకు శంషాబాద్‌లో ఎక్కినవాళ్లు ఇరవై నాలుగు గంటలు ప్రయాణించి, అదే తేదీ రాత్రి 11:30కు దిగుతారు. వాళ్ల ఒక్క రోజు ముప్ఫై నాలుగున్నర గంటలకు సాగుతుంది. షుగరు ఉండి ఇన్సులిన్ తీసుకునే తల్లికి ఇది ప్రాణంతో ముడిపడ్డ లెక్క: రాత్రి డోసు ఏ రాత్రిది? టికెట్ కొన్న రోజే ఆ కాగితం డాక్టరు ముందు పెట్టి, మన గడియారం ప్రకారం ఏ గంటకు ఏ డోసో రాయించుకోవాలి. ఆ చీటీ చేతిసంచిలో ఉండాలి, చెక్-ఇన్ చేసే పెట్టెలో కాదు.