ఉండి ఉండి బలము తగ్గు కారు

వైద్యుని ఎదుటికి రాగానే జ్వరము దిగిపోవు రోగివంటి కార్లు కొన్ని కలవు. మెకానిక్కు ముందు నిలిపినపుడు ఇంజను నిక్షేపముగా తిరుగును. రోడ్డుపై లారీని దాటబోవు క్షణమున మాత్రము చతికిలబడును. మూడు నాలుగు వందల అశ్వసామర్థ్యము గల స్పోర్ట్సు కారునకు ఇది కేవలము చిరాకు కాదు, ప్రమాదము. ఏలయన ఆ బలమును నమ్ముకొనియే చోదకుడు ఎదురుగా వచ్చు వాహనపు దూరమును అంచనా వేసికొనును.

అట్టి కారొకటి ఏప్రిలు మాసపు మధ్యాహ్నమున బోధనులో బయలుదేరి, నిజామాబాదు మీదుగా డిచ్‌పల్లి వద్ద 44వ జాతీయ రహదారిని చేరుచున్నదని అనుకొందము. దారి పొడవున ట్రాక్టర్ల వెనుక నెమ్మదిగా నడచినది. రహదారి ఎక్కి యాక్సిలరేటరును అదిమినంతనే లాగుట మానినది. రెండు నిమిషములలో ఏమియు ఎరుగనట్లు మరల పరుగెత్తినది. దోషమెక్కడ నున్నది?

మొదటి అనుమానము గాలిపైకి పోవలెను. పీడనము మారనిచో గాలి సాంద్రత పరమ ఉష్ణోగ్రతకు విలోమానుపాతములో నుండును. 20 డిగ్రీల చలువ నాటి గాలితో పోల్చిన, 45 డిగ్రీల నాటి గాలి సాంద్రత 318లో 293 వంతు మాత్రమే. అనగా ఇంచుమించు నూటికి 8 పాళ్ళు తక్కువ. టర్బో గల ఇంజనులో మరియొక చిక్కు కలదు. గాలిని రెట్టింపు పీడనమునకు నొక్కినపుడు అది వేడెక్కును. 45 డిగ్రీల గాలి, టర్బో యొక్క నష్టములను గూడ కలుపుకొన్నచో, 140 డిగ్రీలు దాటగలదు. దానిని చల్లార్చుటకు ఇంటర్‌కూలరు ఉన్నది గాని, దానికి ఎదురుగాలి కావలెను. ట్రాక్టరు వెనుక ప్రాకు కారునకు ఎదురుగాలి ఏది? ఇంటర్‌కూలరే వేడిని పట్టుకొని కూర్చుండును. వేడి గాలితో ఇంధనము అదను తప్పి ప్రేలును. ఆ చప్పుడును నాక్ సెన్సారు పసిగట్టగా, ఇంజనులోని కంప్యూటరు నిప్పురవ్వను ఆలస్యము చేసి బలమును తగ్గించును. ఇది దోషము కాదు, ఆత్మరక్షణ. లోపలికి పోవు గాలి ఉష్ణోగ్రతను పరికరముతో వ్రాసికొనుచు, అదే దారిలో తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నమున ఒకసారి నడిపి చూచినచో ఈ అనుమానము చాలవరకు తేలిపోవును.

రెండవ అనుమానము ఇథనాలుపై. చెరకు ప్రాంతమున ఈ మాట రాక మానదు. బోధను చక్కెర కర్మాగారము 1937లో స్థాపింపబడి 2015లో మూతపడినను, చెరకు మడ్డినుండి ఆల్కహాలు తీయుట ఇక్కడివారికి తెలియని విద్య కాదు. 2025 నాటికి మన దేశపు పెట్రోలులో ఇథనాలు 20 శాతమునకు చేరినది. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ళ శక్తి యున్నచో, లీటరు ఇథనాలులో సుమారు 21 మాత్రమే. కావున ఈ మిశ్రమమున లీటరుకు దాదాపు 7 శాతము శక్తి తక్కువ. ఇంజనునకు ఇంధనము ఆ మేరకు ఎక్కువ పోయవలెను. అయినను తొందరపడి తీర్పు చెప్పరాదు. ట్యాంకులోని ఇంధనము అన్ని నిమిషములలోను ఒక్కటే. ఎల్లపుడు ఉండు కారణము, ఉండి ఉండి వచ్చు దోషమును ఒంటరిగా పుట్టింపజాలదు. ఇదివరకే అంచున నున్న మరొక భాగమును అది ముందునకు త్రోయవచ్చును, అంతే. ఈ తర్కమును మరచినవారే పంపులు, కాయిళ్ళు, సెన్సార్లు వరుసగా మార్చి డబ్బు పోగొట్టుకొందురు.

కంప్యూటరు చూపు సంకేతములను గూడ జాగ్రత్తగా చదువవలెను. పి0171 అని వచ్చినచో గాలికి తగిన ఇంధనము లేదని భావము. గాలి దొంగదారిన చొరబడినను, గాలిని కొలుచు సెన్సారు మురికిపట్టినను, పంపు నీరసించినను ఆ సంకేతమే వచ్చును. అది లక్షణమును చెప్పును గాని రోగమును చెప్పదు.

ఇక నాకు మిక్కిలి ఆసక్తికరముగా తోచునది ట్యాంకులోని విద్యుత్పంపు. దానికి పోవు తీగెల జాయింటులో కిలుము పట్టి, 0.1 ఓము నిరోధము ఏర్పడినదనుకొందము. పంపు వేగము అవసరమునుబట్టి మారు కారులో, నెమ్మదిగా పోవునపుడు పంపు 5 ఆంపియర్లు తీసికొన్నచో, ఆ జాయింటు వద్ద పోవునది అర వోల్టు. పూర్తి బలమునకై 15 ఆంపియర్లు తీసికొన్నచో ఒకటిన్నర వోల్టు. పంపు బలముగా తిరుగవలసిన క్షణముననే దానికి వోల్టేజి కరవగును. అంతేకాదు, జాయింటులో పుట్టు వేడి ప్రవాహపు వర్గమునుబట్టి పెరుగును: 2.5 వాట్లున్నది 22.5 వాట్లగును, అనగా తొమ్మిది రెట్లు. వేడికి సందు సడలి నిరోధము మరింత పెరుగవచ్చును. చల్లారగానే మరల సర్దుకొనవచ్చును. చిన్న కారులో ఇదే కిలుము ఏండ్ల తరబడి బయటపడకుండ నుండగలదు, ఏలయన ఆ పంపు అంత ప్రవాహమును అడుగనే అడుగదు.

మెకానిక్కు పంపు తీగెలను విప్పి వోల్టుమీటరు పెట్టినచో పూర్తి వోల్టేజి కనబడును. అతడు అబద్ధమాడుట లేదు; ప్రవాహము లేనపుడు నిరోధము వద్ద పోవు వోల్టేజి సున్న. దీనిని ఉపాధ్యాయులు తరగతిలోనే చూపవచ్చును. రెండు టార్చి సెల్లులకు నిరోధపు పెట్టెనుండి 5 ఓములు శ్రేణిలో కలుపుడు. బల్బు లేనపుడు వోల్టుమీటరు 3 వోల్టులు చూపును. దాని కొనలకు టార్చి బల్బు తగిలించినంతనే బల్బు మందముగా వెలుగును, ముల్లు రెండు వోల్టుల దరికి పడిపోవును. దోషము మొదటినుండియు అక్కడనే యున్నది, అడిగినవారు లేరు.

కనుక కారులో కొలువవలసినది, పంపు పనిచేయుచుండగా జాయింటు ఈ కొనకు ఆ కొనకు మధ్య వోల్టేజి. పొడవైన తీగెలతో మీటరును లోపలికి తెచ్చి, ప్రక్కన కూర్చున్నవారు చదువవలెను. చోదకుడు చూపు రోడ్డునుండి మరల్చరాదు. కారు సాఫీగా పరుగెత్తునపుడు అర వోల్టు దగ్గర నుండి, బలము తగ్గిన క్షణముననే ఒకటిన్నర దాటినచో దొంగ దొరికినట్లే. జాయింటును శుభ్రపరచి బిగించిన పిమ్మట, అదే దారిలో, అదే ఎండలో, ట్రాక్టర్ల వెనుక అంతసేపు నడచియే మరల పరీక్షింపవలెను.