ఎం.బి.ఏ. పాఠ్యాంశాలు

ఎం.బి.ఏ. అనగా మాస్టర్ ఆఫ్ బిజినెస్ అడ్మినిస్ట్రేషన్. ఇది వ్యాపార నిర్వహణకు సంబంధించిన స్నాతకోత్తర పట్టా. భారతదేశంలో ఈ కోర్సు సాధారణంగా రెండు సంవత్సరాలు, నాలుగు సెమిస్టర్లుగా ఉంటుంది. చాలా రకాల డిగ్రీలు చదివినవారు ఇందులో చేరవచ్చును. అందువలన బి.కాం., బి.ఏ., బి.ఎస్సీ., ఇంజనీరింగు పట్టభద్రులు ఒకే తరగతిలో పక్కపక్కన కూర్చుంటారు. ఒకరికి సులువైన పాఠం మరొకరికి కఠినంగా ఉంటుంది. ఈ కోర్సులోని ముఖ్యమైన పాఠ్యాంశాలు, అవి విద్యార్థికి ఎట్లా అనుభవమవుతాయన్నది ఈ వ్యాసంలో వివరించబడినవి.

చరిత్ర

అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 1881లో వార్టన్ పాఠశాల స్థాపించబడినది. 1908లో ప్రారంభమైన హార్వర్డ్ వ్యాపార పాఠశాల ఎం.బి.ఏ. అనే పట్టాకు ఆద్యురాలు. భారతదేశంలో 1949లో జంషెడ్‌పూర్‌లో ఎక్స్.ఎల్.ఆర్.ఐ., 1961లో కలకత్తా, అహ్మదాబాదు నగరాలలో ఐ.ఐ.ఎం.లు ఏర్పడినవి. ఐ.ఐ.ఎం.లు చాలాకాలం డిప్లొమా మాత్రమే ఇచ్చేవి. 2017లో చేసిన చట్టం వలన వాటికి పట్టా ఇచ్చే అధికారం వచ్చినది.

తెలుగునాట ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1957లోనే ఎం.బి.ఏ. మొదలైనది. హైదరాబాదులో 2001లో ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్, విశాఖపట్నంలో 2015లో ఐ.ఐ.ఎం. ప్రారంభమైనవి. రెండు తెలుగు రాష్ట్రాలలోని కళాశాలలలో ఐసెట్ అనే ప్రవేశపరీక్ష ద్వారా, ఐ.ఐ.ఎం.లలో క్యాట్ అనే పరీక్ష ద్వారా ప్రవేశాలు జరుగుతాయి.

గణకశాస్త్రం

వాణిజ్యం చదవని విద్యార్థులను మొదటి సెమిస్టరులో ఎక్కువగా భయపెట్టేది అకౌంటింగు. దీనికి ఆధారమైన జంట పద్దు విధానాన్ని 1494లో లూకా పాచియోలీ అనే ఇటలీ గణితజ్ఞుడు తన గ్రంథంలో వివరించాడు. ప్రతి వ్యవహారానికి డెబిట్, క్రెడిట్ అనే రెండు ముఖాలు ఉంటాయి. వ్యవహారాలను మొదట చిట్టాలో, తరువాత ఆవర్జాలో వ్రాసి, చివరకు లాభనష్టాల ఖాతా, ఆస్తి అప్పుల పట్టీ తయారుచేస్తారు. పట్టీలో రెండు వైపుల మొత్తాలు సమానం కాకపోతే ఎక్కడో తప్పు జరిగినట్లే. ఆ తప్పును వెదకడంలోనే విద్యార్థికి ఈ శాస్త్రం పట్టుబడుతుంది.

లాభం వేరు, నగదు వేరు అన్నది ఇక్కడ నేర్చుకునే ముఖ్యమైన విషయం. ఒక దుకాణదారు 1,00,000 రూపాయలకు తెచ్చిన సరుకును 1,30,000 రూపాయలకు అరువు మీద అమ్మితే పుస్తకంలో 30,000 రూపాయల లాభం కనిపిస్తుంది. కాని బాకీలు వసూలు కాకముందే టోకు వ్యాపారికి సొమ్ము చెల్లించవలసి వస్తే గల్లాపెట్టె ఖాళీగా ఉంటుంది. లాభంలో ఉన్న వ్యాపారం కూడా మూతపడటానికి ఇది ఒక కారణం.

గణాంకశాస్త్రం, పరిశోధక గణితం

బి.ఏ. విద్యార్థులకు కష్టమనిపించేవి ఇవి. అంకెలను లెక్కించడం కంటె వాటిని నమ్మదగునో లేదో తెలుసుకోవడం ఇందులో ప్రధానం. ఒక సంస్థలో నలుగురికి నెలకు 10,000 రూపాయల చొప్పున, ఒకరికి 1,10,000 రూపాయలు జీతం ఉన్నదనుకొంటే సగటు 30,000 రూపాయలు అవుతుంది. కాని ఆ జీతం అక్కడ ఒక్కరికి కూడా లేదు. మధ్యగతం 10,000 రూపాయలు. ఇటువంటి చోట మధ్యగతమే వాస్తవానికి దగ్గరగా ఉంటుంది.

పరిమితమైన వనరులను ఎట్లా పంచాలి అనే సమస్యలకు 1947లో జార్జి డాంట్‌జిగ్ కనుగొన్న సింప్లెక్స్ పద్ధతిని బోధిస్తారు. సరుకును ఏ గిడ్డంగి నుండి ఏ ఊరికి పంపితే ఖర్చు తగ్గుతుందో తెలిపే రవాణా లెక్కలు కూడా ఈ విభాగంలోనివే.

ఉత్పత్తి నిర్వహణ

ఒకేసారి ఎంత సరుకు తెప్పించాలి అనే ప్రశ్నకు 1913లో ఫోర్డ్ హారిస్ ఒక సూత్రం ఇచ్చాడు. ఉదాహరణకు ఏడాదికి 1,200 వస్తువులు కావాలి, ఒకసారి తెప్పించడానికి 150 రూపాయలు, ఒక వస్తువును ఏడాదిపాటు నిల్వ ఉంచడానికి 4 రూపాయలు ఖర్చు అనుకొనవలెను. అప్పుడు సూత్రం ప్రకారం ఒక్కొక్కసారి 300 వస్తువులు, అంటే ఏడాదికి నాలుగుసార్లు తెప్పించాలి. తెప్పించే ఖర్చు 600 రూపాయలు. సగటు నిల్వ 150 కనుక నిల్వ ఖర్చు కూడా 600 రూపాయలే. ఈ రెండు ఖర్చులు సమానమైనచోట మొత్తం ఖర్చు కనిష్ఠమవుతుంది.

సంస్థాగత ప్రవర్తన

మనుషులు పని ఎందుకు చేస్తారు, ఎందుకు మానుతారు అన్నది ఈ పాఠ్యాంశంలోని విషయం. ఫ్రెడరిక్ టేలర్ 1911లో పనిని కొలిచి, విభజించి చేయించే శాస్త్రీయ నిర్వహణను ప్రతిపాదించాడు. ఆ తరువాత షికాగో సమీపంలోని హాథార్న్ కర్మాగారంలో 1924-32 మధ్య జరిగిన ప్రయోగాలు పనిచేసేవారి మనస్సు, తోటివారితో సంబంధాలపై దృష్టిని మళ్ళించినవి. అబ్రహాం మాస్లో 1943లో ప్రకటించిన అవసరాల క్రమం కూడా తప్పక బోధించబడుతుంది.

ఈ శాస్త్రానికి తెలుగునాటతో సంబంధం ఉన్నది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెల్లండ్ 1964లో కాకినాడ వ్యాపారులకు హైదరాబాదులోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థలో శిక్షణ ఇప్పించాడు. సాధించాలనే తపనను శిక్షణ ద్వారా పెంచవచ్చునా అని పరిశీలించడం దీని ఉద్దేశం. ఈ ప్రయోగం వివరాలు 1969లో పుస్తకంగా వెలువడినవి.

మార్కెటింగు, విత్తం

వస్తువు, ధర, లభించే చోటు, ప్రచారం అనే నాలుగు అంశాలను 1960లో జెరోమ్ మెకార్తీ సూత్రీకరించాడు. చదవడానికి సులువుగా కనిపించినా వీటిని అన్వయించడం కష్టం. షాంపూను సీసాలో కాక చిన్న పొట్లంలో అమ్మినప్పుడు వస్తువు మారలేదు. దానిని కొనగలిగేవారు మారినారు.

విత్త నిర్వహణలో మూలసూత్రం ధనం యొక్క కాలవిలువ. వడ్డీ 10 శాతం అయితే అయిదేళ్ళ తరువాత వచ్చే 1,00,000 రూపాయల నేటి విలువ సుమారు 62,092 రూపాయలు మాత్రమే. యంత్రం కొనాలా, శాఖ తెరవాలా అనే నిర్ణయాలు ఈ లెక్క మీద ఆధారపడతాయి. చదువు కొరకు బ్యాంకు అప్పు తీసుకొన్న విద్యార్థి తన కోర్సు ఖర్చును కూడా ఇదే లెక్కతో తూచి చూసుకొనవచ్చును.

వీటితోపాటు నిర్వాహక అర్థశాస్త్రం, మానవ వనరులు, 1872 నాటి కాంట్రాక్టు చట్టం, 2013 నాటి కంపెనీల చట్టం వంటి వ్యాపార చట్టాలు కూడా చదవవలసి ఉంటుంది.

కేస్ పద్ధతి, ప్రాజెక్టు

ఒక సంస్థ ఎదుర్కొన్న సమస్యను విద్యార్థుల ముందుంచి చర్చింపజేయడం కేస్ పద్ధతి. ఇది హార్వర్డ్‌లో ప్రసిద్ధి చెందినది. సాధారణంగా దీనికి ఒకే సరియైన జవాబు ఉండదు. పుస్తకంలోని జవాబును కంఠస్థం చేయడానికి అలవాటుపడినవారికి ఇది మొదట ఇబ్బంది కలిగిస్తుంది. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారికి భాష మరొక అడ్డంకి. విషయం తెలిసినా ఆంగ్లంలో చెప్పలేక మౌనంగా ఉండిపోవడం కద్దు. ముందురోజే కేసును చదివి, చెప్పదలచిన రెండు మూడు వాక్యాలను వ్రాసుకొని రావడం, చిన్న బృందాలలో సాధన చేయడం వలన ఈ బెరుకు క్రమంగా తగ్గుతుంది.

మొదటి సంవత్సరం ముగిసిన తరువాత విద్యార్థి ఏదో ఒక సంస్థలో కొన్ని వారాలు ఉండి ప్రాజెక్టు చేయవలెను. ఆస్తి అప్పుల పట్టీలో ఒక పంక్తిగా చూసిన సరుకు నిల్వ అక్కడ గిడ్డంగిలో బస్తాల రూపంలో కనిపిస్తుంది. ఇతరుల ప్రాజెక్టును నకలు చేసి సమర్పించేవారు ఈ అనుభవాన్ని కోల్పోతారు. మౌఖిక పరీక్షలో వారు తడబడటం సహజం.

ప్రత్యేక విభాగం ఎంపిక

రెండవ సంవత్సరంలో మార్కెటింగు, విత్తం, మానవ వనరులు మొదలైన వాటిలో ఒకటి లేదా రెండు ఎంచుకోవాలి. స్నేహితులను అనుసరించో, ఆ సంవత్సరం ఉద్యోగాలు ఎందులో ఎక్కువ వచ్చాయో చూసో ఎంచుకొనేవారు అనేకులు. మొదటి సంవత్సరంలో ఏ పాఠం చదువుతుంటే కాలం తెలియలేదో, ఏ లెక్క తప్పినా మళ్ళీ చేయాలనిపించిందో గుర్తుచేసుకొని ఎంచుకోవడం మేలు. మొదటి సంవత్సరంలో అన్ని పాఠ్యాంశాలను అందరిచేత చదివించడంలోని ప్రయోజనాలలో ఇది ఒకటి. అమ్మకాల అధికారికి బాకీల లెక్క, గణకునికి కొనుగోలుదారుని అవసరం తెలిసి ఉండాలన్నది రెండవది.